కూపర్స్‌టౌన్ కేసు: బేస్‌బాల్ పుట్టిందన్న ఊళ్లో నిజంగా దొరికిందేమిటి?

ఊళ్ల ఆటల చరిత్ర రాయడం నా పని. పాత క్లబ్బుల మినిట్స్ పుస్తకాలు, టోర్నమెంటు సావనీర్లు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి సరిచూసి, నిలబడేవి ఉంచి, నిలబడనివి పక్కన పెట్టడం. ఈ పని నేర్చుకుందామని వచ్చేవాళ్లకి నేను మొదట ఇచ్చే కేసు మాత్రం మన దగ్గరిది కాదు. మన ఊళ్ల సంగతి ఎత్తితే, ముందు కూర్చున్నవాళ్లలో ఎవరి తాతగారో అందులో ఉంటారు. ఇక కాగితాలు చూసేదెవరు, వాదన మొదలవుతుంది. ఏ జిల్లా కబడ్డీ సంఘం సావనీరు తీసినా "రాష్ట్రంలోనే మొట్టమొదట" అన్న మాట రెండో పేజీ దాటకుండా వచ్చేస్తుంది. అందుకే న్యూయార్క్ రాష్ట్రంలో ఒట్సెగో సరస్సు ఒడ్డున ఉన్న కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరి ఫైలు తీస్తాను. అక్కడ మనకి చుట్టాలెవరూ లేరు.

కేసు ఇది. 1839లో ఈ ఊళ్లో అబ్నర్ డబుల్‌డే అనే కుర్రాడు బేస్‌బాల్ ఆటని కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది. ఆ మాట మీదే ఊళ్లో మ్యూజియం లేచింది, మైదానానికి ఆయన పేరు పెట్టారు, అమెరికా తపాలా శాఖ స్టాంపు వేసింది. ఆ తీర్పు నిలబడదని ఇప్పుడు చరిత్రకారుల్లో రెండో అభిప్రాయం లేదు. కానీ తప్పని తెలుసుకుని ఊరుకుంటే ఈ ఫైలు తెరిచినందుకు లాభం లేదు. తప్పు ఏ మెట్టు దగ్గర జరిగింది, ఆ హడావిడిలో ఊరి అసలు చరిత్రలో ఏది మూలన పడిపోయింది, ఈ రెండూ చూడాలి.

విచారణ జరిపించిందెవరు?

సాక్షి కంటే ముందు విచారణ పెట్టినవాణ్ణి చూడమంటాను. ఇక్కడ ఆయన పేరు ఆల్బర్ట్ స్పాల్డింగ్. ఇల్లినాయ్‌లోని బైరన్ అనే చిన్న ఊళ్లో పుట్టి, పక్కనే రాక్‌ఫర్డ్‌లో ఆట నేర్చుకున్నాడు. 1867 జులైలో వాషింగ్టన్ నేషనల్స్ అనే పెద్ద జట్టు పడమటి ఊళ్లన్నీ తిరుగుతూ ఎదురొచ్చిన ప్రతి జట్టునీ చిత్తు చేసింది. షికాగోలో రాక్‌ఫర్డ్ ఫారెస్ట్ సిటీ జట్టు మాత్రం వాళ్లని 29-23తో ఓడించింది. ఆ పర్యటన మొత్తంలో నేషనల్స్ ఓడిన ఆట అదొక్కటే. ఆ రోజు రాక్‌ఫర్డ్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు, స్పాల్డింగే, వయసు 16. చిన్న ఊరి జట్టు అంటే ఏమిటో ఆయన ఒంటికి తెలుసు. తర్వాత ఆట సామాన్ల కంపెనీ పెట్టి కోట్లు గడించాడు. బేస్‌బాల్ అమెరికా గడ్డ మీదే పుట్టింది అనిపించుకోవడం ఆయనకి అభిమానం కూడా, వ్యాపారం కూడా.

ఎదుటిపక్షం హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికా వచ్చిన పత్రికా రచయిత, బేస్‌బాల్ గురించి ఆయనంత రాసినవాడు ఆ కాలంలో లేడు. ఇది ఇంగ్లిష్ పిల్లల ఆట రౌండర్స్ నుంచి వచ్చిందే అని 1903లో స్పాల్డింగ్ ఏటా వేసే గైడులోనే రాశాడు. ఇద్దరూ స్నేహితులే, అయినా పంతం వచ్చింది. 1905లో స్పాల్డింగ్ ఒక సంఘం వేయించాడు. అధ్యక్షుడు ఏబ్రహాం మిల్స్, పెద్ద వృత్తి జట్ల పోటీ నడిపే నేషనల్ లీగ్‌కి మాజీ అధ్యక్షుడు. సభ్యుల్లో పాత ఆటగాళ్లు, లీగు పెద్దలు, రాజకీయ నాయకులు ఉన్నారు గానీ చరిత్రకారుడు ఒక్కడూ లేడు.

మిల్స్ గురించి రెండు సంగతులు ఫైల్లో ఎర్ర ఇంకుతో రాసుకోవాలి. 1889 ఏప్రిల్‌లో స్పాల్డింగ్ జట్లు ప్రపంచ పర్యటన ముగించుకుని వచ్చినప్పుడు న్యూయార్క్‌లో డెల్మోనికో హోటల్లో విందు జరిగింది. ఆ విందులోనే మిల్స్ లేచి, బేస్‌బాల్ అచ్చంగా అమెరికా ఆట అని ప్రకటించాడు. విన్నవాళ్లు "రౌండర్స్ కాదు, రౌండర్స్ కాదు" అని అరిచారు. అంటే విచారణకి పదహారేళ్ల ముందే జడ్జిగారు తీర్పు చెప్పేశారు. రెండోది, మిల్స్‌కి డబుల్‌డే తెలుసు. ఇద్దరూ అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్లే. 1893లో డబుల్‌డే పోయినప్పుడు న్యూయార్క్ సిటీ హాల్లో భౌతికకాయానికి గౌరవ రక్షణ ఏర్పాట్లు చూసింది మిల్స్. ఆ 1889 విందు నాటికి డబుల్‌డే బతికే ఉన్నాడు, పొరుగున న్యూజెర్సీలోనే. ఆటని కనిపెట్టిన మనిషి మనకి తెలిసినవాడే, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్నాడు అని ఆ రోజు ఎవరూ అనలేదు. నాకు ఈ మౌనం ఒక్కటే చాలు. నేర్చుకునేవాళ్లకి చాలదు కాబట్టి ముందుకు వెళతాం.

ఉత్తరం, ఎదురు ప్రశ్నలు

1905 ఏప్రిల్‌లో అబ్నర్ గ్రేవ్స్ అనే డెన్వర్ మైనింగ్ ఇంజినీరు పని మీద ఒహైయోలోని ఏక్రన్‌కి వచ్చి, బేస్‌బాల్ పుట్టుక తెలిసినవాళ్లు రాయండి అన్న స్పాల్డింగ్ పిలుపు పేపర్లో చూసి, అక్కడి పత్రికకి ఉత్తరం రాశాడు. తన చిన్నప్పుడు కూపర్స్‌టౌన్‌లో డబుల్‌డే పాత టౌన్‌బాల్ ఆటని సరిదిద్ది, పరిగెత్తేవాడు చేరుకోవాల్సిన గుర్తులు, అంటే బేసులు, నాలుగు పెట్టి, ఒక్కో పక్షానికి పదకొండు మందిని పెట్టి, బేస్‌బాల్ అని పేరు పెట్టాడని అందులో ఉంది. పత్రిక మర్నాడే వేసింది. సంఘం చేతిలో ఉన్న సాక్ష్యం దాదాపు ఇదే.

ఇప్పుడు అడగవలసినవి అడుగుదాం. ఎప్పుడు? గ్రేవ్స్ కచ్చితంగా చెప్పలేదు. 1840లో హారిసన్ అధ్యక్ష పదవికి పోటీ చేసిన ప్రచారానికి ముందటి వసంతమో తర్వాతి వసంతమో అన్నాడు. స్పాల్డింగ్ మళ్లీ రాసి అడిగితే 1839 కావచ్చు, 40 కావచ్చు, 41 కావచ్చు అన్నాడు. సంఘం ఆ మూడింట్లో మొదటిది తీసుకుని ఖాయం చేసింది. అప్పటికి సాక్షి వయసెంత? గ్రేవ్స్ పుట్టింది 1834లో, అంటే 1839కి అయిదేళ్లు. చెబుతున్నది డెబ్బై దాటాక. ఆ ఏడాది డబుల్‌డే ఎక్కడున్నాడు? 1838లో వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో చేరాడు, 1842లో అక్కడే చదువు ముగించాడు. కుటుంబం ఉన్నది కూపర్స్‌టౌన్‌లో కాదు, ఆబర్న్‌లో. గ్రేవ్స్ ఆయన్ని బడి పిల్లాడన్నాడు. 1839లో డబుల్‌డేకి ఇరవై ఏళ్లు. ఆ ప్రాంతంలోనే అబ్నర్ డెమాస్ డబుల్‌డే అని బంధువు ఒకడున్నాడు, వయసులో చిన్నవాడు. ముసలాయన మనసులో ఇద్దరూ ఒకటై ఉండొచ్చు. సంఘం వాళ్లు ఊరికి వెళ్లి ఇంకో వృద్ధుణ్ణి అడగలేదు, వెస్ట్‌పాయింట్ రిజిస్టరు తీయించలేదు. డబుల్‌డే తన జీవితం గురించి, యుద్ధం గురించి చాలా రాసుకున్నాడు. అంతర్యుద్ధంలో తను పోరాడిన ఫోర్ట్ సమ్టర్ ఉంది, గెటిస్‌బర్గ్ ఉంది. బేస్‌బాల్ కనిపెట్టానన్న మాట ఎక్కడా లేదు.

అన్నిటికన్నా నేను ఎక్కువసేపు ఆగేది వేరేచోట. పాత బంతాటల్లో పరిగెత్తేవాణ్ణి ఔట్ చేయాలంటే బంతి విసిరి ఒంటికి కొట్టాలి, మన ఏడు పెంకులాటలో లాగే. బేస్‌బాల్ ఆ పద్ధతి మానేసి, బంతితో బేసు దగ్గర ఆపే పద్ధతికి మారడం ఆట చరిత్రలో పెద్ద మలుపు. ఈ మార్పు తెచ్చింది కూడా డబుల్‌డేనే అయి ఉండాలి, వెస్ట్‌పాయింట్ కుర్రాడి క్రమశిక్షణ గల బుర్రకి తట్టి ఉండాలి అని మిల్స్ తన నివేదికలో ఊహించాడు. గ్రేవ్స్ ఉత్తరం తీసి చదవండి. డబుల్‌డే ఆటలో పరిగెత్తేవాణ్ణి బంతితో కొట్టి ఔట్ చేయొచ్చని స్పష్టంగా ఉంది. ఉన్న ఒక్క సాక్షీ చెప్పినదానికి ఎదురుగా నివేదిక రాశారు. ముసలాయన జ్ఞాపకం తడబడితే తడబడింది, అది సహజం. ఆయన చెప్పని మాట ఆయన నోట పెట్టినవాళ్లదే ఈ కేసులో పెద్ద నేరం. సావనీర్లు ఎడిట్ చేసేటప్పుడు నేను రోజూ చూసేదీ ఇదే: పెద్దాయన "ఆడేవాళ్లం" అంటాడు, రాసేవాడు "స్థాపించారు" అని వేస్తాడు.

1907 డిసెంబర్ 30 తేదీతో నివేదిక తయారైంది, మరుసటి ఏడాది గైడులో అచ్చయింది. 1926లో నేషనల్ లీగ్ యాభయ్యో వార్షికోత్సవ విందులో విలేకరులు మిల్స్‌ని నిలదీశారు, కూపర్స్‌టౌన్‌కి గట్టి ఆధారం ఏమిటని. ఆట పుట్టుక విషయంలో ఆధారమేమీ లేదని ఒప్పుకున్నాడు.

ఇంకో డెన్వర్ పెద్దాయన

జ్ఞాపకం మీద రాసినవన్నీ పనికిరావా? వస్తాయి. దానికి ఇదే ఫైల్లో జత కేసు ఒకటుంది. గ్రేవ్స్ కంటే దాదాపు పంతొమ్మిదేళ్ల ముందు, 1886 మే 5న, స్పోర్టింగ్ లైఫ్ పత్రికలో ఆడం ఫోర్డ్ అనే డాక్టర్ ఉత్తరం వచ్చింది. విచిత్రమేమిటంటే ఆయన రాసిందీ డెన్వర్ నుంచే. 1838 జూన్ 4న కెనడాలోని ఆంటారియోలో బీచ్‌విల్ అనే ఊళ్లో చూసిన ఆట గురించి. అప్పుడు ఆయనకి ఏడేళ్లు. వయసు చూస్తే గ్రేవ్స్‌కీ ఈయనకీ పెద్ద తేడా లేదు.

తేడా ఉత్తరంలో ఉంది. ఆట ఎవరో కనిపెట్టారని ఫోర్డ్ అనడు. ఆ రోజు సెలవు ఎందుకో చెబుతాడు: మిలీషియా, అంటే ఊళ్ల పౌర సైన్యం, హాజరు దినం. మైదానం ఎక్కడో చెబుతాడు: ఫలానా ఆయన షాపుల వెనక పచ్చిక బయలు. బంతి దేనితో చేశారో చెబుతాడు: పేనిన ఉన్ని దారం చుట్టి, దూడ తోలు తొడిగి, ఊళ్లో బూట్లు కుట్టే ఆయన కుట్టాడు. ఆడినవాళ్ల పేర్లు చెబుతాడు. ఇవన్నీ సరిచూడగలిగిన సంగతులు. 1980లలో ఇద్దరు పరిశోధకులు అదే చేశారు. భూముల రికార్డులు, జనాభా లెక్కలు, సమాధి రాళ్లు తిరగేసి చూస్తే చాలా పేర్లు ఆ ఊళ్లో, ఆ కాలంలో నిజంగా ఉన్నవాళ్లవే. మనుషులు నిలబడ్డారు. ఆట నియమాలు అచ్చంగా ఆయన చెప్పినట్టే ఉన్నాయా అంటే, నలభై ఎనిమిదేళ్ల తర్వాత రాసిన మాట కాబట్టి నేను అంత దూరం పోను. బీచ్‌విల్ కూడా ఆ తేదీ పట్టుకుని పండగలు చేసుకుంది. ఏ ఊరూ తక్కువ తినలేదు.

జరిమానా కాగితాలు

ఆట ఆడారనడానికి గట్టి ఆధారం కావాలంటే ఆట ఆపించినవాళ్ల కాగితాలు చూడండి. మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊరి సభ 1791లో తీర్మానం చేసింది: కొత్తగా కట్టిన ప్రార్థనా మందిరం కిటికీల అద్దాలు పగలకుండా, దానికి 80 గజాల లోపల క్రికెట్, బేస్‌బాల్ లాంటి ఆటలు ఆడకూడదు. పేరు పెట్టి మరీ రాశారు. 1869 నాటి ఊరి చరిత్రలో దీని ప్రస్తావన చూసి చరిత్రకారుడు జాన్ థార్న్ ఆరా తీస్తే, అసలు కాగితం ఊళ్లోనే దొరికింది. 2004లో ప్రకటించారు. అంతకాలం ఊరి లైబ్రరీలోనే పడి ఉంది. అద్దాలు పగులుతాయన్న భయంతో రాసినవాళ్లకి ఎవరు మొదటో నిరూపించే అవసరం లేదు, అందుకే ఆ మాటకి అంత బలం.

1825 జులైలో న్యూయార్క్ రాష్ట్రంలోనే డెలావేర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) డెల్హీ అనే ఊరి పత్రికలో ఒక ప్రకటన పడింది. హామ్డెన్ ఊరివాళ్లు తొమ్మిది మంది పేర్లతో సహా సవాలు విసిరారు: కౌంటీలో ఏ ఊరివాళ్లైనా సరే, అంతే మంది వచ్చి మాతో ఆడండి, ఆటకి మనిషికి డాలరు పందెం. ఊరి పేరు మీద జట్టు, ప్రత్యర్థి కోసం పిలుపు, పందెం, పేర్లు, అన్నీ ఒక్క ప్రకటనలో. చిన్న ఊళ్ల జట్ల చరిత్రలో నాకు బాగా ఇష్టమైన కాగితం ఇది. డెలావేర్ కౌంటీ, కూపర్స్‌టౌన్ ఉన్న ఒట్సెగో కౌంటీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. అంటే డబుల్‌డే కనిపెట్టాడంటున్న ఏడాదికి పద్నాలుగేళ్ల ముందు పక్క కౌంటీలో సవాళ్లు నడుస్తున్నాయి.

కూపర్స్‌టౌన్ సంగతి ఇంకా తమాషా. 1816 జూన్‌లో ఆ ఊరి పాలకులే, ఫలానా రెండు వీధుల్లో బంతాట ఆడితే ఒక్కో తప్పుకి డాలరు జరిమానా అని ఉత్తర్వు వేశారు. ఊరి పత్రికలో అచ్చయింది. ఏ బంతాటో రాయలేదు కాబట్టి బేస్‌బాల్ అని నేను అనను. కానీ వీధుల్లో జరిమానా వేయాల్సినంతగా ఆడుతున్నారనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇక ఇంగ్లండ్ సంగతికొస్తే, 1744లో లండన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలో బేస్‌బాల్ పేరుతో పద్యమూ బొమ్మా ఉన్నాయి. ఒకడు ఒక రోజు కనిపెట్టిన ఆట కాదిది. ఊరూరా ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడుకుంటూ వచ్చినది.

అయిదు డాలర్ల బంతి

తీర్పు వచ్చాక కూడా చాలా ఏళ్లు కూపర్స్‌టౌన్ చిన్నగానే కదిలింది. 1923లో ఆట పుట్టిందన్న స్థలాన్ని ఊరు కొనుక్కుంది. అసలు ఊపు 1930లలో వచ్చింది. 1934లో పక్కనున్న ఫ్లై క్రీక్‌లో ఒక పాత ఇంట్లో పెట్టె తెరిస్తే చిరిగిన బంతి ఒకటి దొరికింది. అది గ్రేవ్స్ సామాన్లలోదని, కాబట్టి డబుల్‌డే వాడిన బంతి అని పేరొచ్చింది. సింగర్ కుట్టుమిషన్ల ఆస్తి వారసుడు స్టీఫెన్ క్లార్క్ దాన్ని అయిదు డాలర్లకి కొని ప్రదర్శనకి పెట్టాడు. మాంద్యం రోజులు, ఊరికి సందర్శకులు కావాలి. బంతి చుట్టూ మ్యూజియం ఆలోచన, మ్యూజియంతో పాటు గొప్ప ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చాయి. 1939 జూన్ 12న, వందేళ్ల వేడుకగా తెరిచారు. అదే ఏడాది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన రాబర్ట్ హెండర్సన్ పాత పుస్తకాల ఆధారాలతో డబుల్‌డే కథని విప్పేశాడు. వేడుక ఆగలేదు, ఆగాలని నేను అనుకోను కూడా. మ్యూజియం మంచి మ్యూజియమే. ఒక్కటి మాత్రం గమనించాలి: డబుల్‌డేని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎప్పుడూ ఎన్నుకోలేదు.

ఊళ్లో పెరిగిన ఆటగాడు

ఇక్కడికి వచ్చేసరికి నేర్చుకునేవాళ్లు కేసు అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో సగమే అయింది.

కూపర్స్‌టౌన్ 1860 జనాభా లెక్కల్లో జాక్సన్ అనే నల్లజాతి కుటుంబం ఉంది. తండ్రి బార్బర్. కొడుకు జాన్ డబ్ల్యూ. జాక్సన్, 1858లో ఫోర్ట్ ప్లెయిన్‌లో పుట్టి ఈ ఊళ్లో పెరిగాడు. ఆట లోకానికి అతను బడ్ ఫౌలర్. 1878 ఏప్రిల్‌లో మసాచుసెట్స్‌లోని చెల్సీ జట్టుకి పిచ్చర్‌గా ఆడి, అంతకుముందు ఏడాది లీగ్ విజేత అయిన బోస్టన్ జట్టుని 2-1తో ఓడించాడు. ఆ తర్వాతి నెలలో లిన్ జట్టు తీసుకుంది. తెల్లవాళ్ల వృత్తి జట్టులో డబ్బు తీసుకుని ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడిగా రికార్డులకి అందేది అతనే. చూడండి, ఊరు "మొదటి" కోసం అంత వెతికింది, కాగితం మీద నిలబడే మొదటివాడు ఊళ్లోనే పెరిగాడు.

ఫౌలర్ జీవితం చదివితే చిన్న ఊళ్ల బేస్‌బాల్ మ్యాపు చదివినట్టే. మిన్నెసోటాలో స్టిల్‌వాటర్, అయోవాలో కియోకక్, కాన్సస్‌లో టొపీకా. ఒకచోట జట్టు మునిగిపోతుంది, ఇంకోచోట తోటివాళ్లు ఒప్పుకోరు, మళ్లీ రైలెక్కుతాడు, మధ్యలో తండ్రి వృత్తి చేసుకుంటాడు. 1887లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగంటన్ జట్టులో ఉన్నప్పుడు తోటి ఆటగాళ్లే, నల్లవాళ్లని తీసేస్తే గాని ఆడమని యాజమాన్యానికి టెలిగ్రాం ఇచ్చారు. ఆ జులై 14న ఇంటర్నేషనల్ లీగ్ డైరెక్టర్లు బఫలోలో కూర్చుని, ఇక నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని ఓటేశారు, 6-4. ఇక్కడ కూడా గట్టి ఆధారం ఆపించినవాళ్ల కాగితమే.

తలుపులు మూసేస్తే ఫౌలర్ తనే జట్టు కట్టాడు. 1894 చివర్లో మిషిగన్‌లోని ఏడ్రియన్ ఊళ్లో గ్రాంట్ జాన్సన్ అనే మరో నల్లజాతి ఆటగాడితో కలిసి, తీగ కంచెలు తయారుచేసే స్థానిక కంపెనీ డబ్బుతో పేజ్ ఫెన్స్ జెయింట్స్ మొదలుపెట్టాడు. కంపెనీకి ప్రచారం కావాలి, ఆటగాళ్లకి జీతం కావాలి. జట్టుకి సొంత రైలు పెట్టె ఇచ్చారు, అందులోనే పడక, అందులోనే వంట. నల్లవాళ్లకి హోటల్లో గది దొరకని ఊళ్లలో ఇది సౌకర్యం కాదు, అవసరం. ఊరు చేరగానే ఆటగాళ్లు సైకిళ్లెక్కి వీధుల్లో ఊరేగేవారు, సాయంత్రానికి మైదానం నిండేది. 1895 ఏప్రిల్‌లో సిన్సినాటి రెడ్స్‌తో ఆడి 11-7, 16-2తో ఓడిపోయారు. ఆ సీజన్ మొత్తానికి మాత్రం 118 గెలుపులు, 36 ఓటములు అన్న లెక్క ప్రచారంలో ఉంది. ఫౌలర్ సీజన్ మధ్యలోనే వదిలేసి మిషిగన్ స్టేట్ లీగ్‌లో తెల్లవాళ్ల జట్టులో ఆడటానికి వెళ్లిపోయాడు. అతని తత్వమే అంత, అవకాశం ఎక్కడ తెరుచుకుంటే అక్కడికి. 1898 తర్వాత జట్టు ఆగిపోయింది, చాలామంది షికాగో వెళ్లి కొలంబియా జెయింట్స్‌లో చేరారు.

ఫౌలర్ 1913లో పోయాడు. సమాధికి రాయి కూడా లేకపోతే, 1987లో బేస్‌బాల్ పరిశోధకుల సంఘం పెట్టించింది. 2013లో కూపర్స్‌టౌన్‌లో డబుల్‌డే మైదానానికి వెళ్లే దారికి ఫౌలర్ వే అని పేరు పెట్టారు. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆ ఊళ్లో పెరిగి ఆ హాల్లోకి వెళ్లినవాడు అతనొక్కడే.

ఫైలు మూసే ముందు 118-36 అన్న లెక్క మీద ఒక పని ఇస్తాను. తిరుగుడు జట్ల స్కోర్లు మనం ఎక్కువగా సొంత ఊరి పత్రికలో చదువుతాం. ఏడ్రియన్ పత్రికకి కంచె కంపెనీ ఊరి పెద్ద కంపెనీ, గెలిచిన ఆటలు పైన వేస్తారు, ఓడినవి కింద వేస్తారు. అందుకని అవతలి ఊరి పత్రిక తీయాలి: అదే రోజు ఆట, అవతలివాళ్ల అంపైరు, అవతలివాళ్ల స్కోరు. రెండూ కలిస్తే లెక్కలో వేసుకోవాలి, కలవకపోతే రెండు స్కోర్లూ పక్కపక్కన రాయాలి. ఒక ఊరు చాలు, ఒక వారం ఆటలు చాలు. ఆ పట్టిక తెచ్చినవాళ్లకే రెండో ఫైలు, మన ఊళ్లది, ఇస్తాను.